ప్లగ్ వైర్ ఇరుక్కుపోయిందా? లాగకండి, తిప్పండి!

ఈరోజు ఎపిసోడ్ చాలా చిన్న పని గురించి. ఎంత చిన్నదంటే, మెకానిక్ దగ్గరకి వెళ్తే ఆయన మనతో మాట్లాడుతూనే చేసేస్తాడు. కానీ అదే పని నేను చేసినప్పుడు ఒక వైర్ తెగింది, ఒక ప్లగ్ పగిలింది, మా నాన్న బండి తుక్కు కింద పోయే దాకా వచ్చింది. పాత కారు ఇంజన్ మీద గట్టిగా పట్టేసిన స్పార్క్ ప్లగ్ వైర్లు ఎలా తీయాలి, అదీ టాపిక్.

ముందు కథ చెప్తా, తర్వాత పద్ధతి. తొందరలో ఉన్నవాళ్లు కూడా కథ వినండి, ఎందుకంటే చేయకూడనివన్నీ అందులోనే ఉన్నాయి.

మాది 1997 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఈ మోడల్ 1983 డిసెంబర్‌లో మొదలై 2014 జనవరి దాకా తయారైంది, కాబట్టి మీ ఇంట్లోనో మీ మావయ్య వాళ్లింట్లోనో ఒకటి ఉండే ఉంటుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకి ఇస్తారు. ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకి బండి చూపించి రెన్యూ చేయించుకోవాలి. మా బండికి 2022 డిసెంబర్‌లో ఆ టైం వచ్చింది. సోమవారం ఇన్‌స్పెక్షన్. శుక్రవారం పొల్యూషన్ చెక్ చేయిస్తే రీడింగ్ ఎక్కువ వచ్చి ఫెయిల్. బండి నిలబెట్టి ఉంటే ఒళ్లంతా ఊగుతోంది. మన భాషలో చెప్పాలంటే మిస్సింగ్ కొడుతోంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా బావ అన్నాడు, "ఇంక చాల్లేండి మావయ్యా, ఇచ్చేద్దాం. తుక్కుకి ఎంతొస్తే అంత." నాన్న ఏం మాట్లాడలేదు. పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నారు. నాకు ఆ బండి మీదే డ్రైవింగ్ వచ్చింది. చెల్లి పుట్టినప్పుడు అమ్మని హాస్పిటల్ నుంచి తీసుకొచ్చింది ఆ బండిలోనే. "రేపు నేను చూస్తాను నాన్నా" అనేశాను. బీటెక్ చేశాం, రోజూ కోడ్‌లో బగ్స్ పట్టుకుంటున్నాం, మూడు ప్లగ్గులు మార్చలేమా అని ఒక ధీమా.

శనివారం పొద్దున బానెట్ ఎత్తాను. రెండో నంబర్ వైర్ పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. వైర్ నా చేతిలోకి వచ్చింది. రబ్బర్ క్యాప్ మాత్రం ప్లగ్ మీదే ఉండిపోయింది. సరే, దాన్ని స్క్రూడ్రైవర్‌తో కింద నుంచి ఎత్తుదాం అని తన్నిపెట్టాను. "టిక్" అని సౌండ్. ప్లగ్ పింగాణి పగిలింది. నాన్న వరండాలోంచి చూస్తున్నారు. "ఏంట్రా ఆ చప్పుడు?" అన్నారు. "ఏం లేదు నాన్నా" అన్నాను. అది అబద్ధం.

బైక్ వేసుకుని ఆటోనగర్ వెళ్లాను. మాది విజయవాడ కదా, బండికి ఏదైనా అయితే కాళ్లు అటే వెళ్తాయి. అక్కడ ఒక పెద్దాయన, పాత బండ్ల మెకానిక్. తెగిన వైర్ చూపించగానే నవ్వాడు. "ఏం బాబూ, తీగ పట్టుకు లాగావా?" అన్నాడు. "అవును బాబాయ్" అన్నాను. "బిగుసుకున్న ఉంగరాన్ని లాగుతావా, తిప్పుతావా? ఇదీ అంతే" అన్నాడు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాటకి వివరణ.

అసలు ఆ వైర్‌లో ఏముంది?

పాత పెట్రోల్ కార్లలో ఇగ్నిషన్ కాయిల్ అని ఒకటి ఉంటుంది. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల్ని అది వేల వోల్టులకి, మామూలుగా 15 వేల పైకి పెంచుతుంది. ఆ కరెంట్ మధ్య వైర్ ద్వారా డిస్ట్రిబ్యూటర్‌కి వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల రోటర్ తిరుగుతూ, ఏ సిలిండర్ వంతు వస్తే ఆ వైర్‌కి పంపుతుంది. మా బండికి కాయిల్ నుంచి వచ్చేది ఒకటి, ప్లగ్గులకి వెళ్లేవి మూడు, మొత్తం నాలుగు వైర్లు. నాలుగు సిలిండర్ల బండి అయితే ఐదు.

ఇంజన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్ నిమిషానికి 1500 సార్లు నిప్పు కొట్టాలి. అంటే సెకనుకి 25 సార్లు. మూడు సిలిండర్ల బండిలో ఒక వైర్ సరిగా పనిచేయకపోతే మూడో వంతు ఇంజన్ నిద్రపోయినట్టే. ఆ సిలిండర్‌లోకి వెళ్లిన పెట్రోల్ కాలకుండా సైలెన్సర్‌లోంచి బయటికి వస్తుంది. మా పొల్యూషన్ రీడింగ్ పెరగడానికి కారణం అదే. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండి అయితే ఆ కాలని పెట్రోల్ అక్కడికి వెళ్లి కాలుతుంది, కన్వర్టర్ వేడెక్కి పాడైపోతుంది. అందుకే మిస్సింగ్‌తో బండిని ఎక్కువ దూరం నడపకండి.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. ఇంట్లో స్విచ్‌బోర్డ్ వైర్‌లో ఉన్నట్టు ఈ వైర్ లోపల రాగి తీగ ఉంటుందని నేను అనుకున్నాను. చాలా బండ్లలో ఉండదు. కార్బన్ పట్టించిన ఫైబర్ దారం ఉంటుంది. రాగి అయితే ప్రతి స్పార్క్‌కీ రేడియోలో టకటకమని గోల వస్తుంది. ఆ గోల తగ్గించడానికి కావాలనే రెసిస్టెన్స్ ఉన్న దారం పెడతారు. ఈ దారానికి లాగితే తట్టుకునే బలం పెద్దగా లేదు. వైర్ పట్టుకుని లాగితే పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల దారం తెగిపోతుంది. బయటికి తెలియదు. మళ్లీ పెట్టేసి "ప్లగ్గులు కొత్తవే కదా, ఇంకా మిస్సింగ్ ఏంటి?" అని జుట్టు పీక్కుంటాం.

ఎందుకు పట్టేస్తుంది?

క్యాప్ లోపల ఒక ఇనుప క్లిప్ ఉంటుంది, అది ప్లగ్ తల మీద టక్‌మని కూర్చుంటుంది. దాని చుట్టూ ఉన్న రబ్బర్ ప్లగ్ తెల్ల పింగాణిని గట్టిగా హత్తుకుని ఉంటుంది. ఇంజన్ వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం. ఏళ్ల తరబడి ఇలా జరిగితే రబ్బర్ గట్టిపడి పింగాణికి అతుక్కుపోతుంది. దుమ్ము, తేమ, ఆయిల్ తోడైతే ఇంకా మొండి. మా బండి ప్లగ్గులు చివరిసారి ఎప్పుడు తీశారో నాన్నకి కూడా గుర్తులేదు.

మరి లాగితే ఎందుకు రాదు? ఒక రబ్బర్ గొట్టాన్ని లాగి చూడండి. పొడవు పెరుగుతుంది, సన్నబడుతుంది. క్యాప్ కూడా అంతే. మనం పైకి లాగేకొద్దీ అది సన్నబడి పింగాణిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మన బలమే మనకి ఎదురు తిరుగుతుంది. తిప్పితే అలా జరగదు. అతుకు కొద్దికొద్దిగా వీడుతుంది. ఆటోనగర్ బాబాయ్ ఉంగరం మాటలో సైన్స్ ఇదే.

పని మొదలుపెట్టే ముందు

ఒకటి, ఇంజన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపిన బండిని పొద్దున ముట్టుకోవడం బెస్ట్. వేడి ఇంజన్ మీద చేయి కాలుతుంది. పైగా అల్యూమినియం హెడ్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్ విప్పితే మరలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

రెండు, తాళం తీసేయండి, బ్యాటరీ నెగటివ్ వైర్ ఊడదీయండి. కొంతమంది పాత మెకానిక్‌లు ఇంజన్ ఆన్‌లో ఉండగానే ఒక్కో వైర్ పీకి ఏ సిలిండర్ పనిచేయట్లేదో చూస్తారు. మీరు చేయకండి. ఆ షాక్‌కి చేయి ఒక్కసారిగా వెనక్కి కొట్టుకుంటుంది, తిరిగే ఫ్యాన్ మీద పడితే ఇంకా ఘోరం. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు నడుస్తున్న ఇంజన్ ఇగ్నిషన్ దగ్గరికి అసలు రాకూడదు.

మూడు, ఫోన్ తీసి రెండు మూడు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ఏ వైర్ ఎక్కడికి వెళ్తోందో కనిపించాలి. ఏదైనా డిలీట్ చేసే ముందు బ్యాకప్ తీసుకుంటాం కదా, అలాగన్నమాట. ఇక్కడ అన్‌డూ బటన్ లేదు. తెల్ల టేప్ ముక్కలు చింపి 1, 2, 3 అని రాసి వైర్లకి అంటించండి. అన్నీ ఒకేసారి పీకొద్దు. ఒకటి తీయండి, పని అవ్వగానే పెట్టేయండి, తర్వాత రెండోది.

నాలుగు, ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్ము గాలి కొట్టి శుభ్రం చేయండి. సైకిల్ పంపు చాలు. కళ్లద్దాలు పెట్టుకోండి, దుమ్ము నేరుగా మొహం మీదకే వస్తుంది.

ఇప్పుడు తీసే పద్ధతి, మెట్టు మెట్టుగా

మొదటి మెట్టు: చేత్తో. వైర్‌ని వదిలేయండి. క్యాప్‌ని, అంటే ప్లగ్ మీద కూర్చున్న లావుపాటి రబ్బర్ భాగాన్ని, వీలైనంత కింద పట్టుకోండి. కుడివైపు కొంచెం తిప్పండి, ఎడమవైపు కొంచెం తిప్పండి. పావు చుట్టు చాలు. పైకి లాగాలన్న ఆలోచనే వద్దు. అలా తిప్పుతూ ఉంటే ఒక దగ్గర "పుక్" అని వదులవుతుంది. అప్పుడు తిప్పుతూనే నిటారుగా పైకి తీయండి. పక్కకి వంచొద్దు, వంచితే పింగాణి విరుగుతుంది. మా ఒకటో నంబర్ వైర్ ఇలాగే ఐదు నిమిషాల్లో వచ్చేసింది. నిన్న ఇంత బలం పెట్టానే అని సిగ్గేసింది.

రెండో మెట్టు: పట్టు కోసం సాయం. చేతికి జారుతుంటే రబ్బర్ పూత ఉన్న గ్లౌజ్ వేసుకోండి. చోటు లేకపోతే ప్లగ్ క్యాప్ తీయడానికే చేసిన ప్లయర్ దొరుకుతుంది, దాని నోరు గుండ్రంగా, మెత్తటి తొడుగుతో ఉంటుంది. మామూలు కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే రబ్బర్ తెగుతుంది, లోపల పింగాణి కూడా పగలొచ్చు. ఇంకో చిట్కా, గట్టి నాడాని క్యాప్ కింద అంచు చుట్టూ ఉచ్చులా వేసి, తిప్పి వదులు చేశాక రెండు కొసలూ పట్టి సమానంగా పైకి లాగండి. బలం వైర్ మీద కాకుండా క్యాప్ అడుగున పడుతుంది.

మూడో మెట్టు: లోపలికి జారుడు పంపడం. సైకిల్ హ్యాండిల్ గ్రిప్ తీయాలంటే చిన్నప్పుడు సబ్బునీళ్లు పోసేవాళ్లం కదా. ఇక్కడ నీళ్లు వద్దు, సిలికాన్ స్ప్రే వాడండి. దానితో వచ్చే సన్న గొట్టాన్ని క్యాప్ పెదవి కింద మెల్లగా దూర్చి కొంచెం కొట్టండి. పది నిమిషాలు ఆగి మళ్లీ తిప్పండి. రాకపోతే మళ్లీ కొట్టి వదిలేయండి. మా మూడో నంబర్ శనివారం సాయంత్రం కదల్లేదు. స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాను. ఆదివారం పొద్దున రెండు తిప్పులకి వచ్చింది. ఓపిక కూడా ఒక పనిముట్టే. పెట్రోల్, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ మాత్రం పోయొద్దు. కొన్ని రకాల రబ్బర్ వాటికి ఉబ్బి పాడవుతుంది, మంట ప్రమాదం సరేసరి.

నాలుగో మెట్టు: కొంచెం వెచ్చదనం. హెయిర్ డ్రయ్యర్‌తో క్యాప్‌ని గోరువెచ్చగా చేస్తే గట్టిపడ్డ రబ్బర్ కాస్త మెత్తబడుతుంది. స్ప్రే కొట్టిన వెంటనే డ్రయ్యర్ పెట్టొద్దు, ఆ స్ప్రేలలో మండే గ్యాస్ ఉంటుంది. అది పూర్తిగా ఆరిపోయాకే. అగ్గిపుల్ల, లైటర్, గ్యాస్ టార్చ్ ఇంజన్ దరిదాపుల్లోకి కూడా రాకూడదు.

ఐదో మెట్టు: కోసేయడం. ఏదీ పనిచేయకపోతే, లేదా నాలాగా క్యాప్ ప్లగ్ మీదే ఉండిపోతే, ఇంక ఆ క్యాప్ మీద ఆశ వదులుకోండి. కట్టర్ బ్లేడ్‌తో పై నుంచి కిందకి నిలువుగా గీత పెట్టి విప్పేయండి. బ్లేడ్ మన వైపు కాకుండా అవతలి వైపు కదలాలి. వైర్ ఎలాగూ మార్చాలి, దాని కోసం ప్లగ్‌ని, ఇంజన్‌ని బలి ఇవ్వక్కర్లేదు.

16 వాల్వుల ఇంజన్లలో చాలావాటికి ప్లగ్గులు లోతైన గుంతల్లో ఉంటాయి, క్యాప్ పొడవుగా లోపలిదాకా వెళ్తుంది. అక్కడ క్యాప్ తెగి ముక్క లోపల ఉండిపోతే పొడవాటి నోస్ ప్లయర్‌తో కొంచెం కొంచెంగా తీయాలి. ఆ గుంతలో ఆయిల్ నిలిచి ఉంటే, ప్లగ్ గుంత సీల్ గానీ పైన కవర్ గాస్కెట్ గానీ కారుతోందని అర్థం. అది బాగు చేయకుండా కొత్త వైర్ వేస్తే అదీ కొన్నాళ్లకి నానిపోతుంది.

ప్లగ్ విప్పే ముందు ఆగండి

ఇది నేను మర్చిపోబోయిన మెట్టు. క్యాప్ వచ్చేసింది కదా అని వెంటనే ప్లగ్‌కి పానా వేయకండి. చుట్టూ రబ్బర్ ముక్కలు, ఇసుక, నా విషయంలో అయితే పింగాణి పెచ్చులు ఉన్నాయి. ప్లగ్ విప్పితే అవన్నీ ఆ రంధ్రంలోంచి నేరుగా సిలిండర్‌లోకి వెళ్తాయి. పింగాణి చాలా గట్టి పదార్థం, లోపల పిస్టన్ తిరిగితే సిలిండర్ గోడ మీద గీతలు పడతాయి. అక్కడితో కథ వందల రూపాయల నుంచి ఇంజన్ పనికి వెళ్తుంది. నేను వ్యాక్యూమ్ క్లీనర్‌కి సన్న గొట్టం తగిలించి మొత్తం పీల్చేశాను. తర్వాతే ప్లగ్ విప్పాను.

తీసిన వైర్లని చూడండి. క్యాప్ లోపల చెట్టు వేర్లలా సన్నటి నల్ల గీతలు ఉంటే, కరెంట్ ప్లగ్ చివరకి వెళ్లకుండా పక్కదారి పట్టి ఇంజన్ బాడీకి దూకుతోందని అర్థం. ఆకుపచ్చ, తెలుపు బూజులాంటిది ఉంటే క్లిప్ తుప్పు పట్టింది. మల్టీమీటర్ ఉంటే కిలో ఓమ్స్‌లో పెట్టి వైర్ ఆ కొస నుంచి ఈ కొస దాకా కొలవండి. కార్బన్ దారం వైర్లకి చాలా బండ్లలో మీటరు పొడవుకి సుమారు 10 నుంచి 20 కిలో ఓమ్స్ మధ్య వస్తుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్న లెక్కే ఫైనల్. అసలు రీడింగే రాకపోతే లోపల తెగినట్టే. మా మూడో వైర్ చూడ్డానికి బాగానే ఉంది, మీటర్ పెడితే రీడింగే లేదు. బండి ఊగడానికి అసలు కారణం అప్పుడు దొరికింది. నేను తెంపింది రెండోది, పాడైంది మూడోది!

మళ్లీ పెట్టేటప్పుడు

కొత్త ప్లగ్‌ని ముందు చేతి వేళ్లతోనే తిప్పాలి. పానాతో మొదలుపెడితే మర అడ్డదిడ్డంగా పడుతుంది. చేత్తో బిగుసుకున్నాక, వాషర్ ఉన్న కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్ అయితే పానాతో ఇంకో అర చుట్టు, లేదా ఇంకాస్త. పాత ప్లగ్‌నే మళ్లీ పెడితే చేత్తో బిగించాక ఇంకొంచెం, గడియారం మీద ఒక గంట దూరమంత, చాలు.

వైర్ క్యాప్ పెదవి లోపల డైఎలక్ట్రిక్ గ్రీజు అంటారు, సిలికాన్ గ్రీజు, పల్చగా రాయండి. ఇది కరెంట్ పారించదు, తేమని రానివ్వదు, ముఖ్యంగా వచ్చేసారి క్యాప్ పట్టేయకుండా చేస్తుంది. అన్నంలో నెయ్యి వేసినట్టు ముద్దగా వేయొద్దు, వేలికి అంటిన పాటి చాలు. క్యాప్‌ని నొక్కితే టక్‌మని తెలియాలి. తెలియకపోతే సగమే కూర్చుంది. వైర్లని పాత క్లిప్పుల్లోనే దూర్చండి, సైలెన్సర్ వైపు వేడి గొట్టాలకి తగలకూడదు. ఫొటో తీసి పోల్చి చూడండి. రెండు వైర్లు తారుమారైతే బండి స్టార్ట్ అవ్వదు, లేదా టపటపా పేలుతుంది.

చీకటి పడ్డాక బానెట్ ఎత్తి ఇంజన్ ఆన్ చేసి దూరం నుంచి చూడండి. వైర్ల మీద నీలం మెరుపులు కనిపిస్తే ఎక్కడో లీక్ ఉంది. కనిపించకపోతే మీరు పాస్.

ఇంతకీ మా బండి?

ఆదివారం మధ్యాహ్నం కొత్త వైర్ల సెట్, మూడు కొత్త ప్లగ్గులు పెట్టాను. స్టార్ట్ చేసే ముందు నాన్నని పిలిచి, శనివారం ఆ చప్పుడు ఏంటో చెప్పేశాను. "తెలుసులే, ప్లగ్ పగిలిన చప్పుడు నాకు తెలీదా?" అన్నారు. తాళం ఆయనే తిప్పారు. ఊగుడు లేదు. సోమవారం పొద్దున్నే ముందు పొల్యూషన్ చెక్, పాస్. అక్కడి నుంచి ఇన్‌స్పెక్షన్, అదీ అయిపోయింది. మా బావకి ఫోన్ చేసి నాన్న అన్న మాట ఇది: "ఇంకో ఐదేళ్లు ఉంటుందట."

ఆ ఐదేళ్లు 2027 డిసెంబర్‌కి అయిపోతాయి. ఈ మధ్యలో ప్రతి సంవత్సరం ఒకసారి క్యాప్‌లు తిప్పి, తీసి, గ్రీజు రాసి పెడుతున్నాను. అసలు కిటుకు అదే ఫ్రెండ్స్. మధ్యమధ్యలో తీస్తూ ఉంటే అవి పట్టేయవు.

మీ ఇంట్లో పాత బండి ఉంటే ఈ ఆదివారం బానెట్ ఎత్తండి. వైర్ వదిలేయండి, క్యాప్ పట్టుకోండి, తిప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి చూద్దాం. అప్పటిదాకా సెలవు, జాగ్రత్త.